కుడి భుజం మీద మైనం

ఆరు రోజుల కింద, పోయిన ఆదివారం, శామీర్‌పేట చెరువు కట్ట మీద అందరూ చూస్తుండగా ఎడమ పువ్వు రాలింది. మన కథ అక్కడ ఆగింది.

ఇవాళే ఈ కథలోకి అడుగుపెట్టినవారి కోసం నాలుగు ముక్కలు చెప్పుకుందాం. ఎండాకాలంలో చెరువు అడుగంటి చేపలు తెల్లగా తేలాయి. నీళ్ళు తగ్గితే చేపలు చస్తాయని గంగపుత్రుల వాడలో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. అయినా నింద మోయడానికి ఒక మనిషి కావాలి కదా. లత ఉండనే ఉంది. ఇరవై ఎనిమిదేళ్ళ కింద ఇదే కట్ట మీద, తూము పక్కన, పాత చీర ముక్కలో చుట్టి దొరికిన పిల్ల. పిల్లలు లేని ఐలమ్మ, బక్కయ్య ఎత్తుకుని పెంచారు. ఆమె వాళ్ళను అవ్వ, బాపు అని పిలుస్తుంది. రెండు సంబంధాలు వచ్చి, ‘ఎవరి బిడ్డ?’ అన్న ప్రశ్న దగ్గరే వెనక్కి తిరిగిపోయాయి. ఆ తర్వాత పెళ్ళి మాట ఎవరూ ఎత్తలేదు. పొద్దున చేపల గంప పట్టుకుని బస్సెక్కి యాప్రాల్ కాలనీలు తిరగడం, అంతకు ముందే కట్ట మైసమ్మ గుడి ఊడ్చి, అమ్మ ఒళ్ళు కడిగి, పసుపు పూయడం. పద్నాలుగేళ్ళుగా ఇదే లత బతుకు. ఆ గుడిలో ఉన్నంతసేపు ఆమెను ఎవరూ ‘దొరికిన పిల్ల’ అనరు. ‘గుడి లత’ అంటారు. ఆ రెండు మాటల మధ్య ఎంత దూరమో ఆమెకే తెలుసు.

చేపలు చచ్చాక, ‘పుట్టుక తెలియని దాని చెయ్యి అమ్మకు సోకుతోంది’ అన్న మాట వాడలో పుట్టింది. ఎవరి నోట పుట్టిందో ఇప్పటికీ తేలలేదు. ‘మనమెందుకు అనాలె? అమ్మనే అడుగుదాం’ అన్నది మాత్రం బక్కయ్యే. మత్స్యకారుల సంఘానికి ఆయన పెద్ద. అమ్మను అడగడమంటే ఆ వాడలో ఒక పద్ధతి ఉంది. మైసమ్మ రెండు భుజాల మీద రెండు గన్నేరు పువ్వులను పసుపు ముద్దతో అంటిస్తారు. పసుపు ఎండే కొద్దీ ఏదో ఒకటి రాలుతుంది. కుడిది రాలితే అమ్మ సరేనన్నట్టు, ఎడమది రాలితే వద్దన్నట్టు. ‘లత నీ పని చెయ్యొచ్చా తల్లీ?’ అని అడిగారు. ఎడమది రాలింది.

ఇంకొక్క ముక్క. దానికి రెండు నెలల ముందు మధుసూదన్ రెడ్డి లత దగ్గరికి ఒక కాగితం తెచ్చాడు. ఔటర్ రింగు రోడ్డు వస్తుందన్న మాట వినబడిన నాటి నుంచి శామీర్‌పేట భూముల ధరలకు రెక్కలొచ్చాయి. ఆయన వేసిన ప్లాట్లకు దారి తీయాలంటే గుడి అడ్డం. గుడి చూసుకునే మనిషి ఒప్పుకున్నట్టు కాగితం ఉంటే గుడిని అవతలికి జరపవచ్చునట. ‘అమ్మ జాగ నాది గాదు సారూ, నేనెట్ల సంతకం వెడత?’ అంది లత. ఆయన నవ్వి, కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. కోపం తెచ్చుకుని వెళ్ళిన మనిషి గురించి భయపడనక్కర లేదు. నవ్వి వెళ్ళిన మనిషే అనుమానించదగ్గవాడు.

ఇక ఈ శనివారం సంగతి.

మొదటి మూడు రోజులూ లత అన్నం ముట్టలేదు. మనుషులు వద్దనడం ఆమెకు అలవాటే. బస్సులో కండక్టరు వెనక్కి పొమ్మంటాడు, కాలనీలో గంప గేటు బయటే దింపమంటారు. అవన్నీ తట్టుకోవడానికి ఆమె దగ్గర ఒక్క జవాబు ఉండేది. కట్ట మీద నాకు మైసమ్మ తల్లి ఉంది అనుకునేది. ఇప్పుడు ఆ అమ్మే, అందరి ముందూ, పువ్వు రాల్చి మరీ వద్దంది. ఇక తాను దేనికి పనికొస్తుందో లతకు అర్థం కాలేదు.

నాలుగో రోజు గంప ఎత్తుకుని కట్ట కింద నుంచి పోతూ ఆగింది. పైకి చూస్తే గుడి గోపురం చివర కనబడింది. అలవాటుగా ‘అమ్మా’ అంది. అన్నాక నాలుక కరుచుకుంది. కాసేపు నిలబడి మళ్ళీ కావాలనే అంది. ఏమీ కాలేదు. ఎవరూ వద్దనలేదు. పిలవడానికి ఏ పువ్వూ అడ్డం రాలేదు. ఆ రోజు ఇంటికొచ్చి ఇంత అన్నం తిన్నది.

శనివారం పొద్దున ఎనిమిది గంటలప్పుడు గుడి ముందు నుంచి పోతూ లోపలికి తొంగి చూసింది. గడప మీద దీపం వెలుగుతోంది. లతను తీసేశాక గుడి బాధ్యత బక్కయ్య తీసుకున్నాడు. కానీ ఆ వాడలో మగవాళ్ళు మైసమ్మను ముట్టరు. దీపం వరకే వాళ్ళ పని. ఐలమ్మ ఎందుకో ఆ గడపే తొక్కలేదు. అందుకని ఆరు రోజులుగా అమ్మకు స్నానం లేదు. పసుపు ఎండి, బీటలు వారి, పెచ్చులు లేచి ఉంది.

“నువ్వు వద్దన్నవు. మంచిదే,” అంది గడప దగ్గర నిలబడి. “కని గిట్ల ఎట్లుంటవే తల్లీ? ఒళ్ళు కడిగి పోత. అటెంక నీ ఇష్టం.”

చెరువు నుంచి బిందెడు నీళ్ళు తెచ్చింది. మెత్తని గుడ్డ తడిపి అమ్మ ముఖం తుడిచింది, మెడ తుడిచింది. ఎడమ భుజం మీద మసి పూసినట్టు ఒక నల్లని మరక ఉంది. గుడ్డ తగలగానే పోయింది. లత దాన్ని పట్టించుకోలేదు. కుడి భుజం దగ్గరికి వచ్చేసరికి గుడ్డకు ఏదో అడ్డం తగిలింది. పసుపు పోయింది గానీ అది పోలేదు. గోటితో గీకింది. కందిగింజంత నల్లని ముద్ద ఊడి వచ్చింది. దానికి గన్నేరు పువ్వు తొడిమ ఇంకా అంటుకునే ఉంది.

వేళ్ళ మధ్య నలిపితే సాగింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే గుగ్గిలం వాసన వచ్చింది.

మైనం!

లత గుడి గోడకు ఆనుకుని కూర్చుంది. కుడి పువ్వును మైనంతో అంటిస్తే అది రాలే ప్రసక్తే లేదు. పసుపుతో నిలిచిన ఎడమదే రాలి తీరాలి. అంటే ఆదివారం నాడు వద్దన్నది అమ్మ కాదు, ఎవరో మనిషి.

మొదట మధుసూదన్ రెడ్డి నవ్వు గుర్తుకొచ్చింది. ఆయన మనిషి రాకేష్ గుర్తుకొచ్చాడు. కిందటి శనివారం జీపు ఆపి, తమ ఇంటి వాకిట్లో కూర్చుని మంచినీళ్ళు తాగిపోయాడు. నిన్న శుక్రవారం అదే జీపులో బాపును సంఘం పని ఉందని మేడ్చల్ తీసుకుపోయాడు. బాపు బొటనవేలికి గుడ్డ చుట్టుకుని తిరిగొచ్చాడు. ఏమైందంటే, మేడ్చల్ హోటల్లో ఛాయ్ గిలాస తగిలి కాలిందన్నాడు. అన్నీ అనుమానంగానే ఉన్నాయి. కానీ వీటన్నిటి కంటే పెద్ద అనుమానం ఆమె వేళ్ళ మధ్యే ఉంది.

ఈ మైనం ఎవరిదో లతకు తెలుసు. నైలాన్ దారానికి ముడి నిలవదని వలలు అల్లేవాళ్ళు దారానికి మైనం పట్టిస్తారు. వాడలో అందరూ కొవ్వొత్తి ముక్కలతో కానిచ్చేస్తున్నారు. తేనె మైనం కరిగించి, గుగ్గిలం పొడి, ఆముదం దీపపు మసి కలిపి నల్లని ముద్ద చేసుకునేది ఈ 2005లో కూడా ఒక్క ఐలమ్మే. ఆదివారం నాడు అమ్మకు పువ్వులు అంటించింది కూడా ఐలమ్మే.

ఆరు రోజులుగా లత ముఖంలోకి చూడనిది కూడా ఐలమ్మే!

మధ్యాహ్నం వాకిట్లో పందిరి కింద ఐలమ్మ వల ఒళ్ళో వేసుకుని కూర్చుంది. డెబ్బై ఏళ్ళ మనిషి. పక్కన కొబ్బరిచిప్పలో మైనం ముద్ద. లత గంప దింపకుండానే ఎదురుగా నిలబడింది.

“అన్నం తింటవా బిడ్డా?” అంది ఐలమ్మ వల మీద నుంచి చూపు ఎత్తకుండా.

“తర్వాత తింట. గీ వాసన సూడు అవ్వా,” అని లత గుప్పిలి తెరిచింది.

ఐలమ్మ వంగి చూసింది. ముఖం పాలిపోయింది. చేతిలోని వల సూది కింద పడింది.

“యాడిది?”

“అమ్మ ఒంటి మీదిది.”

“నువ్వు గుళ్ళెకెందుకు వోయినవే? అమ్మ వద్దన్నది గద!”

“అమ్మ వద్దన్నదా? నువ్వు వద్దనిపిచ్చినవా?”

మాట నోరు దాటాక గానీ దాని బరువు లతకు తెలియలేదు. తనకు పాలు లేకపోతే మేక పాలు పట్టి పెంచిన మనిషిని అంటున్న మాట అది. అయినా వెనక్కి తీసుకోలేదు. “సక్కగ జెప్పు అవ్వా. నన్ను గుళ్ళెకెళ్ళి ఎల్లగొడితె నీకేమొస్తది? రాకేష్ ఆ దినం మనింట్ల ఎందుకు కూసున్నడు? నీతోటి ఏం జేపిచ్చిండు?”

“రాకేషా? గానికీ దీనికీ ఏం సంబంధమే?”

“మరి మన మైనం అమ్మ కుడి భుజం మీదికి ఎట్ల వోయింది?”

ఐలమ్మ కళ్ళు చిట్లించి లత వంక చూసింది. ఆరు రోజుల్లో మొదటిసారి సూటిగా చూసింది.

“కుడి భుజమా?”

“కుడి భుజమే.”

“కుడి దిక్కు ఎందుకుంటదే?”

లత గంప కింద పెట్టింది. అనుమానం మనిషి చెవులకు పదును పెడుతుంది. “అంటే ఎడమ దిక్కు ఉండాల్నా అవ్వా?” అంది నెమ్మదిగా.

ముసలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందని కాసేపటికి గానీ లతకు అర్థం కాలేదు. ఐలమ్మ ఏడవడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

“నేనే వెట్టిన,” అంది ఐలమ్మ. “ఐతారం పొద్దుగాల, నువ్వు అమ్మకు పసుపు వూసి ఇంటి నీళ్ళకు వోయినప్పుడు. పసుపు కింద ఎడమ భుజం మీద పెట్టిన. ఎడమ పువ్వు రాలొద్దని. కుడిదే రాలాల్నని. నువ్వు గుళ్ళె ఉండాల్నని వెట్టిన బిడ్డా!”

పొద్దున గుడ్డకు అంటి పోయిన మసి మరక లత కళ్ళ ముందు మెదిలింది. ఎడమ భుజం మీద నిజంగానే ఉండేదన్నమాట. ఎవరో దాన్ని గీకి తీసి కుడి వైపు పెట్టారు.

“పువ్వు రాలినంక నా పానం వోయినంత పనైంది,” అంది ఐలమ్మ. “మైనం వెట్టిన పువ్వే రాలిందని అనుకున్న. నా దొంగతనం అమ్మకు దొరికిందనుకున్న. నేను జేసిన తప్పుకు నీకు శిక్ష ఏసిందనుకున్న. అందుకే నీ మొకం సూడలేకపోయిన. ఆరు దినాల సంది ముద్ద మింగుతలేను.”

ఆరు రోజులూ అవ్వ తనను వదిలేసిందనుకున్న లతకు గుండె మీద నుంచి పెద్ద బండ జారిపోయినట్టయింది. వెంటనే ఇంకోటి గుచ్చుకుంది. ఆ గుచ్చుకున్నదాన్ని దాచుకోవడం ఆమెకు చేతకాలేదు.

“అవ్వా, ఒక్కటడుగుత. అమ్మ నన్ను వద్దంటదని నీకెందుకు అనిపిచ్చింది?”

ఐలమ్మ కింద పడిన వల సూదిని వెతికి తీసుకుంది. “బుగులే బిడ్డా, భయమే,” అంది. “నిన్ను తెచ్చుకున్న దినం సంది బుగులే. ఎవలన్న వచ్చి మా పిల్ల అని ఎత్తుకపోతరేమోనని కొన్నేండ్లు. ఎవలూ రాకపాయె, ఎవలకూ అక్కెర లేదేమోనని కొన్నేండ్లు. ఊరంత నిన్ను ఒక తీరుగ సూస్తె, అమ్మ సుత గట్లనే సూస్తదేమోనని…”

“అమ్మను సుత ఊరోళ్ళల్ల కలిపినవు.”

“కలిపిన. తప్పే.” ఐలమ్మ కళ్ళు తుడుచుకుంది. ఒక్కసారిగా మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేవబోయింది. “రేపు ఐతారమే. వాడంత కట్ట మీదికొస్తది. అందరి ముంగట నిజం జెప్త. నన్ను తిడితె తిట్టనీ. పువ్వు మల్ల అడుగుదాం. ఈసారి ఉత్త పసుపే. నువ్వే నూరు, నువ్వే అంటియ్యి.”

ఆరు రోజుల కింద ఎవరైనా ఈ మాట అని ఉంటే లత కాళ్ళ మీద పడేది. ఇప్పుడు ఆమె అవ్వను భుజం పట్టుకుని మళ్ళీ కూర్చోబెట్టింది.

“వద్దవ్వా. నేను అడగ.”

“ఎందుకే? అమ్మ సరే అంటది. ఇప్పుడు నాకు బుగులు లేదు!”

“సరే అంటదో, కాదంటదో. నాలుగో దినం కట్ట కింద నిలవడి అమ్మా అని పిలిసిన. అప్పటికి గీ మైనం సంగతి నాకెర్కలేదు. అమ్మ నన్ను వద్దన్నదనే అనుకుంటున్న. అయినా పిలిసిన. పిలిస్తె మనసు సల్లవడ్డది.” లత అవ్వ పక్కన కూలబడింది. మాటలు వెతుక్కుంటూ, మళ్ళీ అంది. “నన్ను తూము కాడ వడేసిన్నాడు కట్ట మీద కుక్కలు తిరుగుతుండె అని నువ్వే జెప్తవు. తెల్లారేదాక నన్ను ఏదీ ముట్టలేదు. అప్పటికి నేను గుడి ఊడ్సిన్నా? పసుపు వూసిన్నా? నా పేరేందో సుత ఎవలకెర్కలేదు. అయినా కాపాడింది. అప్పుడు పువ్వు ఎవలడిగిండ్రు అవ్వా? ఇప్పుడు నేనెందుకడగాలె?”

ఐలమ్మ లత చెయ్యి తీసుకుని తన చెంపకు ఆనించుకుంది. లతకు ఏడుపూ వచ్చింది, నవ్వూ వచ్చింది. ఇన్నేళ్ళుగా చేతిలో చీపురు ఉంటేనే తాను అమ్మ మనిషినని అనుకుంటూ వచ్చింది. చీపురు లాక్కున్నా ఆ సంబంధం తెగలేదు. ఇంత చిన్న సంగతి తెలియడానికి ఇరవై ఎనిమిదేళ్ళు పట్టిందని తనను తానే తిట్టుకుంది.

కానీ మనసు కుదుటపడినంత మాత్రాన లెక్క తేలినట్టు కాదు. మైనం తనంతట తాను ఒక భుజం మీద నుంచి ఇంకో భుజం మీదికి నడవదు.

“అవ్వా, నువ్వు వెట్టినంక గుళ్ళెకు ఎవలు వోయిండ్రు?”

“ఎవలూ వోలే. నేను వచ్చేటప్పుడు తాళం ఏసిన. అటెంక అందరితోనే కలిసి వోయిన.”

“తాళంచెవి?”

“గీడ్నే మొలకు తగిలిచ్చిన.” ఐలమ్మ గుంజకు కొట్టిన మేకు వైపు చూపించింది. “దీపం ముట్టియ్యాలని మీ బాపు తీస్క…”

మాట మధ్యలో తెగిపోయింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వీధి మలుపులో సైకిల్ గంట మోగింది. ఆ గంట చప్పుడు వాళ్ళకు కొత్తది కాదు.

బక్కయ్య సైకిల్‌ను గోడకు ఆనించి, తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు. మనిషి బక్కపలచన, నడక నిదానం. కొబ్బరిచిప్ప వైపు చూశాడు, ఐలమ్మ ఎర్రబడిన కళ్ళ వైపు చూశాడు, ఏమీ అడగలేదు. ఇంట్లో ఆడవాళ్ళు ఏడుస్తుంటే ఏమైందని అడగని మగవాడికి సంగతి ముందే తెలిసి ఉండాలి.

“నీళ్ళియ్యి బిడ్డా,” అన్నాడు.

లత చెంబు తెచ్చింది. ఆయన కుడి చేత్తో అందుకున్నాడు. గుడ్డ చుట్టిన ఎడమ చేతిని ఒళ్ళో దాచుకున్నాడు.

“వేలు నొస్తాందా బాపూ?”

“ఆఁ, జర మంట. బీడీ చురుక్కుమన్నది గద.”

“నిన్న ఛాయ్ గిలాస అన్నవు.”

బక్కయ్య చెంబు దించాడు. “గదే… ఛాయ్ తాగుకుంట బీడీ తాగిన,” అన్నాడు.

“వెన్న రాస్త, ఇటియ్యి.”

“వద్దు లేరా బిడ్డా. తగ్గిపోతది.”

లత ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి పట్టుకుంది. చిన్నప్పుడు చెరువులోకి దింపి ఈత నేర్పించిన చెయ్యి అది. లాక్కుంటాడేమో అనుకుంది. లాక్కోలేదు. తల మాత్రం పక్కకు తిప్పుకున్నాడు. ఆమె గుడ్డ ఒక్కొక్క చుట్టే విప్పింది. గిలాసకో బీడీకో కాలిన బొబ్బ ఉంటుందని ఆమె ఎదురుచూసింది. ఉంటే బాగుండుననే అనుకుంది.

బొబ్బ లేదు. చర్మం ఎక్కడా కందలేదు. బొటనవేలి కొస నుంచి మొదటి కణుపు దాకా ఊదారంగు సిరా. ఎంత కడిగినా పోని, ఆఫీసుల్లో వేలిముద్రలకు వాడే సిరా.

బక్కయ్యకు సంతకం రాదు. గుడి చూసుకునే మనిషి ఇప్పుడు బక్కయ్యే.

ఐలమ్మ కాగితాలు చదవలేదు గానీ ఆ రంగు చూడగానే ఆమెకు అంతా అర్థమైంది. “ఓ ముసలోడా, నేను మైనం వట్టుకపోంగ సూసి, అమ్మను ముట్టినవా? ముట్టి గింత పని జేసినవా?” అని నెత్తి కొట్టుకుంది.

లత ఆ వేలు వదల్లేదు. ఆమె గొంతులో కోపం ఉంది, కానీ భయం లేదు. “బాపూ, రేపు పొద్దుగాల అమ్మకు నీళ్ళు నేనే పోస్త,” అంది. “ఏ కాగితం మీద ఎవల వేలు వడ్డా సరే. ఎవలొస్తరో రానియ్యి. అమ్మ ముంగట నేనుంట.”

బక్కయ్య అప్పుడు తల తిప్పాడు. కళ్ళ నిండా నీళ్ళున్నాయి.

“రేపు వాడందరి ముంగట అమ్మను మంచిగ జరుపుతం అన్నరనే నేను వేలు వెట్టిన బిడ్డా,” అన్నాడు. “ఇప్పుడు కట్ట మీదికెళ్ళే వస్తున్న. గుడి ముంగట జేసీబీ ఇయ్యాల్నే వచ్చి నిలవడ్డది.”